సాక్ష్యం చెప్పిన మర్నాడు

ఆదివారం చర్చి ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది, అంటే దేవుడు తమకి చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే వేళ. మా బాబాయి లేచి మైకు పట్టుకున్నాడు. "ప్రభువు నన్ను తాగుడు నుంచి విడిపించాడు" అన్నాడు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన మందు మాని అప్పటికి పదకొండు రోజులు.

మర్నాడు సోమవారం. బాబాయిది తాపీ పని. సాయంత్రం అయిదున్నరకి పని దిగి ఇంటికొచ్చే దారిలోనే బెల్టు షాపు. ఇరవై ఏళ్లుగా ఆ వేళకి ఆ కాళ్లు అటే నడిచాయి. మైకులో సాక్ష్యం చెప్పినంత మాత్రాన కాళ్లు దారి మర్చిపోవు.

నేను రాయాలనుకుంటున్నది ఆ సోమవారం సాయంత్రం గురించి. విశ్వాసంలోకి వచ్చి తాగుడు మానినవాళ్లు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు, కళ్లారా చూశాను. అదే విశ్వాసం పేరు చెప్పి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లనూ చూశాను. దేవుడే మాన్పించాడని ఒకరు, అదంతా మనసు గట్టిదనమని ఒకరు, డాక్టరు లేనిదే అయ్యేపని కాదని ఇంకొకరు వాదించుకుంటుంటే, ఎటు వెళ్లాలో తెలియక ఇళ్లలో ఆడవాళ్లు నలిగిపోతున్నారు. నాకు అర్థమైనంతలో, మారుమనస్సు ఒక్క రాత్రిలో రావచ్చు. అది నిలబడేది మాత్రం రోజూ ఒకే వేళకి వచ్చి పక్కన కూర్చునే మనుషుల వల్ల. దేవుడు చెయ్యి చాపేది ఆ మనుషుల చేతులతోనే అని నేను నమ్ముతాను.

అయితే వీటన్నిటికంటే ముందు ప్రాణం సంగతి చెప్పాలి.

బాబాయి మానడం అది మొదటిసారి కాదు. అంతకు నాలుగేళ్ల ముందు బంధువులు ఆయన్ని వేరే ఊళ్లో జరిగే మూడు రోజుల ఉపవాస కూడికకి తీసుకెళ్లారు. బయల్దేరే ముందు రోజు రాత్రే ఆఖరి క్వార్టర్. మొదటి రోజు చేతులు వణికాయి, చొక్కా తడిసి ముద్దయింది. "పాపం బయటికి పోతోంది" అన్నారు. రెండో రాత్రి గోడ మీద పాములు పాకుతున్నాయని అరిచాడు, ఎవరో పిలుస్తున్నారని లేచి పరిగెత్తాడు. దయ్యం పట్టిందని చుట్టూ చేరి ఇంకా గట్టిగా ప్రార్థించారు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాక గానీ ఆటో ఎక్కించలేదు. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు పిన్నితో ఒకటే మాట అన్నాడట: "ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదమ్మా."

అది దయ్యం కాదు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మెదడు చేసే గొడవ. తాడు లాగుడు పోటీ ఊహించుకోండి. మద్యం ఒక వైపు నుంచి మెదడుని మత్తులోకి లాగుతుంటే, మెలకువగా ఉండడానికి మెదడు రెండో వైపు నుంచి లాగుతూ ఉంటుంది, ఏళ్ల తరబడి. ఒక వైపు వాళ్లు హఠాత్తుగా తాడు వదిలేస్తే రెండో వైపు వాళ్లు వెల్లకిలా పడతారు. వణుకు, చెమట, గుండెదడ ఆఖరి గుక్క తర్వాత కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. ఫిట్స్ వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లో ఎక్కువ. లేనివి కనపడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ఒళ్లు కాలిపోవడం సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల వస్తాయి. ఈ ఆఖరి దశకి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

ఇప్పుడు మూడు రోజుల ఉపవాస కూడిక లెక్క వేసి చూడండి. ఆ మూడు రోజులూ సరిగ్గా ఈ మూడు రోజులే. దానికి తోడు ఉపవాసం. తాగుడు అలవాటున్న ఒంట్లో బీ1 విటమిన్ ముందే అడుగంటి ఉంటుంది, తిండీ నీళ్లూ ఆపితే మెదడుకి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. ఆసుపత్రిలో చేసేది పెద్ద మాయ కాదు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ వెళ్లే మత్తు మాత్రలు, బీ1 ఇంజెక్షను, సెలైను, కనిపెట్టి చూసే నర్సు. వారం రోజుల పని. ప్రార్థన చేసేవాళ్లు ఆ వారం ఆసుపత్రి వరండాలో కూర్చుని చేయొచ్చు. రోగి మంచం పక్కన చేసిన ప్రార్థనని దేవుడు వినడా?

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి వణుకుతో, మతి తప్పిన మాటలతో వచ్చేవాళ్ల తాకిడి పెరిగిపోయింది. 2015లో కల్తీ కల్లు మీద అధికారులు బిగించినప్పుడు తెలంగాణ జిల్లాల ఆసుపత్రుల్లోనూ ఇదే జరిగింది. ఆ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపాం లాంటి మత్తు మందులు కలుపుతారు, కాబట్టి "కల్లే కదా, ఆపేస్తే ఏమవుతుంది" అనుకోవడానికి లేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మందు మాన్పించే మాత్ర అని చెప్పి భర్తకి తెలియకుండా కూరలో కలుపుతుంటారు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చెప్పి, తాగే మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు అది. అక్కా, చెల్లీ, ఎవరు చెప్పినా కలపకండి.

ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందని, ఆసుపత్రిలో చేర్చి చూసేది 180 మందిలో ఒక్కరినేనని అందులో తేలింది. మిగతావాళ్లు ఎక్కడున్నారు? ఇళ్లలో ఉన్నారు, అప్పుల్లో ఉన్నారు, చాలామంది సంఘాల గుమ్మం దగ్గర ఉన్నారు. మన సంఘాల్లో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇంటి కూడికల్లో ఎక్కువగా వినపడే ప్రార్థన మనవి "మా ఆయన కోసం" అన్నదే. అంటే తాగే మనిషి గుడి మెట్టు ఎక్కకముందే సంఘానికి అతని సంగతంతా తెలుసు. డాక్టరుకీ పోలీసుకీ దొరకని సమాచారం అది. దాన్ని ఎలా వాడుకుంటున్నాం అన్నదే ప్రశ్న.

ఇక పాపమా, జబ్బా అన్న తగువు. సంఘ పెద్దలు పాపమంటారు, డాక్టర్లు జబ్బంటారు. ఈ తగువు తేలేదాకా ఆగాల్సిన పని లేదు. షుగరున్న మనిషిని "నీకు విశ్వాసం ఉంటే ఇన్సులిన్ ఎందుకు" అని ఎవరూ అడగరు, అలాగని "నీ తప్పేం లేదు, స్వీట్లు తిను" అని కూడా అనరు. జబ్బు అన్నంత మాత్రాన బాధ్యత పోదు. పాపం అన్నంత మాత్రాన వైద్యం మానుకోనక్కర్లేదు. రోగులకే వైద్యుడు కావాలి గాని ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అక్కర్లేదన్న యేసు మాటలో ఈ రెండూ ఇమిడే ఉన్నాయి.

క్రైస్తవ విశ్వాసం తాగుడు మాన్పించడంలో ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ ఒక్కటే చాలదో తెలుసుకోవాలంటే అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ అనే ఊరికి, 1935కి వెళ్లాలి. అక్కడ బాబ్ స్మిత్ అని ఒక సర్జన్. చెయ్యి తిరిగిన డాక్టరే, కానీ తాగుబోతు. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అని ఒక క్రైస్తవ ఉద్యమం ఉండేది, లూథరన్ బోధకుడు ఫ్రాంక్ బుక్‌మన్ మొదలుపెట్టాడు. తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకోవడం, నష్టపరిచినవాళ్ల దగ్గరికి వెళ్లి సరిదిద్దుకోవడం, పొద్దున్నే మౌనంగా దేవుని సన్నిధిలో కూర్చోవడం, ఇవీ వాళ్ల పద్ధతులు. బాబ్ రెండేళ్లకి పైగా భార్యతో కలిసి ఆ కూడికలకి వెళ్లాడు. బైబిలు చదివాడు, ప్రార్థించాడు. తాగుతూనే ఉన్నాడు.

ఈ ముక్క దగ్గర కాస్త ఆగండి. చిత్తశుద్ధి లేక కాదు, ప్రార్థన తక్కువై కాదు. ఆ గదిలో అన్నీ ఉన్నాయి, ఒక్కటి లేదు. తనలాగే తాగి, తనలాగే అబద్ధాలాడి, ఇప్పుడు మానేసి ఎదురుగా కూర్చున్న ఇంకో మనిషి.

ఆ మనిషి ఆ ఏడాది మే నెలలో న్యూయార్క్ నుంచి వచ్చాడు. పేరు బిల్ విల్సన్, షేర్ల వ్యాపారి. మానేసి అయిదు నెలలే. ఆక్రన్‌లో వ్యాపారం బెడిసికొట్టి హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక వైపు బారులోంచి నవ్వులు. ఇంకో వైపు టెలిఫోను, దాని పక్కన ఊళ్లోని చర్చిల పట్టిక. ఇంకో తాగుబోతుతో మాట్లాడకపోతే తాను తాగేస్తానని అతనికి భయం వేసింది. ఒక పాదిరికి ఫోన్ చేశాడు, ఆయన ఇచ్చిన పేర్లు పట్టుకుని చివరికి ఆక్స్‌ఫర్డ్ గ్రూప్‌లోనే ఉన్న హెన్రియెటా సీబర్లింగ్ అనే ఆమెని అందుకున్నాడు. మే 12న ఆమె ఇంట్లో బిల్, బాబ్ కలిశారు. పదిహేను నిమిషాల కంటే కూర్చోనని బాబ్ ముందే చెప్పి వచ్చాడు. లేచేసరికి ఆరు గంటలు గడిచాయి. బిల్ అతనికి బోధ చేయలేదు. తన కథ చెప్పుకున్నాడు, అంతే.

బాబ్ మానేశాడు. కొద్ది రోజులకే డాక్టర్ల సభకని అట్లాంటిక్ సిటీ వెళ్లి మళ్లీ తాగి పడిపోయాడు. తిరిగొచ్చాక బిల్ అతన్ని వెళ్లగొట్టలేదు, వాళ్లింట్లోనే ఉండి కనిపెట్టుకున్నాడు. జూన్ 10న బాబ్ ఒక ఆపరేషన్ చేయాలి, చేతులు వణుకుతున్నాయి. వణుకు తగ్గడానికి బిల్ స్వయంగా ఒక బీరు ఇచ్చాడు. బాబ్ తాగిన ఆఖరి మద్యం అదే. 1950లో చనిపోయేదాకా మళ్లీ ముట్టలేదు. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుండే బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ. ఆ జూన్ 10నే దాని పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఒక దేవుని కార్యానికి పుట్టినరోజు, పడిపోయి లేచిన మనిషి ఆఖరి బీరు తాగిన రోజు!

ఆ ఎండాకాలమంతా బాబ్ భార్య ఆన్ పొద్దున్నే వాళ్లిద్దరికీ బైబిలు చదివి వినిపించేది. వాళ్లకి యాకోబు పత్రిక, అంటే బైబిల్లో ఉన్న యాకోబు ఉత్తరం, మహా ఇష్టం. స్వస్థత పొందేలా మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి, ఒకరి కోసం ఒకరు ప్రార్థించండి అని దాని అయిదో అధ్యాయంలో ఉంది. మనం ఆ వాక్యంలో ప్రార్థన దగ్గర ఆగిపోతాం. వాళ్లు "ఒకరితో ఒకరు" అన్న మాట దగ్గర ఆగారు. తర్వాత ఏఏ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ నుంచి విడిపోయి, ఏ మతంవాళ్లైనా, దేవుణ్ణి నమ్మనివాళ్లైనా రావచ్చని తలుపులు తెరిచింది. ఆక్రన్‌లోనే సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అనే సన్యాసిని, తాగుబోతులకి ఆసుపత్రులు మంచం ఇవ్వని రోజుల్లో, 1939 నుంచి వాళ్లని కడుపు జబ్బు పేరుతో చేర్చుకుంది. సిస్టరూ డాక్టరు బాబూ కలిసి వేల మందిని చూశారు. సెలైనూ ప్రార్థనా ఒకే గదిలో ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డం రాలేదు.

మన దేశంలోనూ ఇలాంటి దారి ఉంది. ముంబయిలో ఫాదర్ జో పెరీరా అనే క్యాథలిక్ గురువు తానే మద్యంలో మునిగి, ఏఏ ద్వారా బయటపడి, 1981లో బాంద్రాలోని చర్చి ఆవరణలో కృపా ఫౌండేషన్ మొదలుపెట్టారు. యోగా గురువు బీకేఎస్ అయ్యంగార్ శిష్యుడు కాబట్టి ఆసనాలు కూడా అందులో కలిపారు. 2009లో పద్మశ్రీ వచ్చింది. సంఘం ముందు "నేనూ తాగాను" అని ఒక గురువు ఒప్పుకోవడం ఎంత కష్టమో మన సంఘాలు తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మరి ఇది నిజంగా పనిచేస్తుందా? ఏఏ పద్ధతి మీద జరిగిన 27 అధ్యయనాలని, పదివేల మందికి పైగా వివరాలని కలిపి 2020లో, వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి తూకం వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష ప్రచురించింది. ఈ పద్ధతిలోకి తీసుకొచ్చినవాళ్లలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు నూటికి 42 మంది, ఇతర చికిత్సలు పొందినవాళ్లలో 35 మంది. చూడ్డానికి ఇది సాక్ష్యాల మైకులో వినపడే అద్భుతంలా ఉండదు. నూటికి ఏడుగురే కదా తేడా అనిపిస్తుంది. ఆ ఏడుగురి ఇళ్లలోకి వెళ్లి అడగండి. ఇదే లెక్కలో ఇంకో నిజం కూడా ఉంది, 42 మంది నిలబడ్డారంటే మిగతా 58 మంది ఆ ఏడాదిలో ఎప్పుడో ఒకసారి మళ్లీ ముట్టారు. పడిపోవడం అన్నది దారిలో ఉన్న గుంత. ఉందని తెలిసీ దానికి సిద్ధపడని సంఘాన్ని ఏమనాలి?

మళ్లీ మా బాబాయి దగ్గరికొస్తాను. రెండోసారి ఆసుపత్రిలో వారం ఉండి, మాత్రలతో ఇంటికొచ్చి, పదకొండో రోజు సాక్ష్యం చెప్పాడు. సోమవారం అయిదు ఇరవైకి సైటు దగ్గర ఒక ఆటో ఆగింది. సంఘంలో ఉండే అన్న. ఆయనా ఒకప్పుడు తాగినవాడే, మానేసి తొమ్మిదేళ్లు. "ఎక్కు తమ్ముడూ, టీ తాగుదాం" అన్నాడు. బెల్టు షాపు లేని దారిలో చుట్టూ తిప్పి, టీ తాగించి, ఏడింటికి ఇంటి దగ్గర దించాడు. దారిలో బైబిలు మాట ఎత్తలేదట. బండి రిపేరు గురించీ, మిరప రేటు గురించీ మాట్లాడాడట. మంగళవారమూ వచ్చాడు. బుధవారమూ వచ్చాడు. అలా మూడు నెలలు. ఆ వేళకి బేరాలు ఎక్కువ, ఎంత పోగొట్టుకున్నాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మంగళవారాలు చర్చి వరండాలో ఏడెనిమిది మంది మగవాళ్లు కూర్చునేవాళ్లు. మా చర్చి పాస్టరు అయ్యగారు మొదటిరోజు వచ్చి ప్రార్థన చేసి, "ఇక మీలో మీరు మాట్లాడుకోండి, నేనుంటే మీరు మంచి మాటలే చెప్తారు" అని వెళ్లిపోయారు. అంత వివేకం ఉన్న సేవకుణ్ణి నేను తక్కువగా చూశాను. అక్కడ చెప్పింది అక్కడే ఉండాలన్నది ఒకటే షరతు. ప్రార్థన మనవి రూపంలో ఊరంతా తిరిగే మాట ఎన్ని కాపురాల్ని ఇంకా లోతుకి తోసిందో అందరికీ తెలుసు కాబట్టి ఆ షరతుని గట్టిగా పాటించారు.

శనివారం బట్వాడా. మేస్త్రీ కూలీ డబ్బులు పంచేది ఎక్కువగా వైన్ షాపు దగ్గరే, లెక్క చూసుకోవడమూ మొదటి గ్లాసూ ఒకేసారి జరుగుతాయి. ఆటో అన్న వెళ్లి మేస్త్రీతో మాట్లాడాడు. కొన్నాళ్లు డబ్బులు పిన్ని చేతికే అందాయి. బాబాయికి అది తలవంపుగానే ఉండేది. ఆరో నెలలో ఒక శనివారం పిన్నే "నువ్వే తెచ్చుకో" అంది. ఆ రోజు ఆయన డబ్బుతో పాటు పావుకిలో కారప్పూస తెచ్చాడు. జీవితం మళ్లీ కట్టుకోవడం అంటే నాకు ఆ పొట్లం గుర్తొస్తుంది.

నమ్మకం మాత్రం అంత తొందరగా రాలేదు. పదో తరగతి చదివే కూతురు, నాన్న గుమ్మంలోకి రాగానే నీళ్లచెంబు ఇచ్చే నెపంతో దగ్గరికొచ్చి వాసన చూసేది. ఆయనకి తెలుసు. ఏమీ అనకుండా నీళ్లు తాగి చెంబు ఇచ్చేసేవాడు. ఏడాదిన్నర అలాగే చూసింది. క్షమించావా అని ఆ పిల్లని అడిగే హక్కు సంఘానికి లేదు. భార్యల సంగతి కూడా అంతే. భర్త మారతాడని ప్రార్థిస్తూ దెబ్బలు తింటూ ఉండమని బోధించడం క్షమాపణ కాదు, అది ఆమెని ప్రమాదంలో వదిలేయడం. అలాంటి ఇంట్లోంచి ముందు ఆమెని, పిల్లల్ని బయటికి తేవాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ అందుకే ఉంది.

నలభై రెండో రోజున, మేనల్లుడి పెళ్లిలో బాబాయి తాగాడు. ఊరందరికీ తెలిసింది. కొంతమంది పెద్దలు ప్రభువు బల్లకి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారానికి, దూరం పెట్టాలన్నారు. సాక్ష్యం చెప్పి పడిపోతే దేవుని నామానికి అవమానం అన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అందుకే కొత్తగా మానినవాళ్ల చేతికి అంత తొందరగా మైకు ఇవ్వకూడదని నేనంటాను. ఆ చప్పట్ల బరువు పదకొండు రోజుల మనిషి మొయ్యలేడు, పడితే చెప్పుకోవడానికి నోరు రాదు, దాచుకుని ఇంకా తాగుతాడు. పెళ్లి మర్నాడు అయిదు ఇరవైకి మాత్రం ఆటో వచ్చింది. "ఎన్ని తాగావ్?" అని అడిగి, విని, "సరే, ఈ రోజు ఒకటో రోజు" అన్నాడు అన్న.

బల్ల విషయంలో అయ్యగారు ఒక నిర్ణయం తీసుకున్నారు. అప్పటిదాకా మా చర్చిలో గిన్నెలో పోసేది పులిసిన ద్రాక్షారసం. దాని వాసనే చాలు కొందరికి పాత దారి గుర్తు రావడానికి. ఆ నెల నుంచి పులియని రసం పెట్టారు. ఇది కొత్త సంగతేం కాదు, 1869లోనే అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు ప్రభువు బల్ల కోసమే ద్రాక్షరసం పులియకుండా సీసాల్లో నిలవచేసే పద్ధతి కనిపెట్టాడు. స్విట్జర్లాండులో 1877లో లూయీ లూసియెన్ రోషా అనే పాస్టరు స్థాపించిన బ్లూ క్రాస్ సంఘం ఇంకో అడుగు ముందుకేసింది, తాగేవాళ్లకి తోడుగా తాగని సభ్యులు కూడా ముట్టమని మాట రాసిచ్చేవాళ్లు. ఒక్కడి కోసం అందరూ గిన్నె మార్చుకోవడం నాకు ఏ ప్రసంగం కంటే పెద్దదిగా అనిపించింది.

మీ ఇంట్లో ఎవరైనా మానాలనుకుంటుంటే, ముందు ఎన్నాళ్లుగా, రోజుకెంత తాగుతున్నారో డాక్టరుకి దాచకుండా చెప్పండి. కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416, రెండూ ఉచితం. ఏఏ సమావేశాలు హైదరాబాద్‌లో ఉన్నాయి, రుసుం లేదు, పేరు అడగరు. మీ సంఘంలో మానేసి నిలబడ్డ మనిషి ఒక్కరున్నా వెతికి పట్టుకోండి.

బాబాయి ఇప్పటికీ మూడు నెలలకోసారి లివర్ పరీక్షకి ఆసుపత్రికి వెళ్తాడు. మళ్లీ సాక్ష్యం చెప్పమని ఎన్నిసార్లు అడిగినా మైకు పట్టుకోలేదు. ఆటో అన్నకి మోకాళ్ల నొప్పులు వచ్చి సాయంత్రాలు బండి తీయడం మానేశాడు. మొన్న నేను ఊరెళ్లినప్పుడు అయిదింటికే బాబాయి సైకిలు బయటికి తీశాడు. ఎక్కడికని అడిగితే, పడమటి వీధిలో ఒక కుర్రాడు ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు రోజులైందని, అయిదున్నర లోపల వాళ్లింటికి చేరాలని చెప్పి వెళ్లిపోయాడు.